పచ్చదారం కుట్టిన నల్ల శాలువ

మధ్యాహ్నపు ఎండ కొంచెం వాలేసరికి మకరందుడి గుర్రం నీలకోట పొలిమేర చేరింది. మూడు పగళ్లలో మూడు అడవులు దాటిన గుర్రం అది. నోట నురగలు కారుతున్నా, పొలిమేర రాయి దగ్గర ఎవరో పుణ్యాత్ములు నింపి ఉంచిన నీళ్లతొట్టి కనబడగానే చెవులు నిక్కించింది. మకరందుడు కళ్లెం వదిలి దాన్ని తాగనిచ్చాడు. తొందరలో ఉన్నాడు. అయినా తాగనిచ్చాడు.

ఎదుట చంద్రశిల రాజ్యపు రాజధాని నీలకోట మెరుస్తోంది. నీలిరాతి బురుజుల మీద వెండిరేకుల గోపురాలు, వాటి చుట్టూ మూడు వలయాలుగా తామర కందకాలు, కందకాలను కలుపుతూ ప్రవహించే శంఖినీ నది. నది మధ్య దీవిలో తెల్లని స్తంభాల వాక్సభ. ఆ రోజు వాక్సభ శిఖరం మీద నల్లజెండా ఎగురుతోంది. అది చావును తెలిపే జెండా కాదు. వక్తల మండలికి ఎన్నిక జరుగుతోందని దాని అర్థం.

చంద్రశిల రాజ్యంలో నిందపడ్డవారు ధర్మాసనం ముందు తమంతట తాము నోరు విప్పకూడదు. వారి తరఫున నల్ల శాలువ కప్పుకున్న ధర్మవక్త మాట్లాడాలి. ఎవరి తరఫున ఏ వక్త నిలబడాలో వక్తల మండలి పెద్ద నిర్ణయించాలి. పాత పెద్ద పోయి నెల అయింది. రేపు సూర్యోదయాన యువరాణి కువలయ విచారణ. తండ్రి మహారాజును శిలగా మార్చిందని ఆమె మీద నింద. ఆమె కోసం ఎవరూ మాట్లాడకపోతే నేరం ఒప్పుకున్నట్టే. అప్పుడు ఆమెను మౌనకూపంలోకి దింపుతారు. ఆ బావిలోంచి ఇంతవరకు ఒక్క కేకయినా పైకి రాలేదు.

పెద్దపదవికి ఇద్దరు పోటీలో ఉన్నారు. ఒకరు ఆర్యాంబ. డెబ్బై ఏళ్లు దాటిన వక్త. యువరాణి తరఫున మకరందుణ్ణి నిలబెడతానని ఆమె దాచకుండా చెప్పింది. రెండోవాడు దుర్జయుడు. అతణ్ణి వెనకనుంచి నడిపిస్తున్నవాడు కృష్ణజిహ్వుడనే మాంత్రికుడు. మహారాజును శిలగా మార్చింది ఆ మాంత్రికుడే. దుర్జయుడు గెలిస్తే యువరాణికి గొంతు ఉండదు.

ఆ మాంత్రికుడి గుట్టు తెలుసుకోవడానికే మకరందుడు కరాళవనానికి వెళ్లాడు. అక్కడ ఒక ముని చెప్పిన మాట అతడి గుండెలో ఇంకా చల్లగా తగులుతోంది. కృష్ణజిహ్వుడు ఎవరి ఒంటిబట్ట కప్పుకుంటే వారి రూపం అతడికి వచ్చేస్తుంది. ముఖం వస్తుంది, గొంతు వస్తుంది, నడక వస్తుంది. అరచేతి గీతలు, వేలి గీతలు మాత్రం రావు. అది విన్నప్పుడు మకరందుడికి పదిరోజుల కిందట సత్రంలో కనబడకుండా పోయిన తన ఉత్తరీయం గుర్తుకు వచ్చింది.

ఎన్నికకు శాలువ కావాలి. శాలువ ఇంట్లో ఉంది. మకరందుడు గుర్రాన్ని ఇంటివైపు మళ్లించాడు.

పెరటిగోడ పక్కన పొరుగింటి ముసలామె నాంచారమ్మ తులసికి నీళ్లు పోస్తోంది. అతణ్ణి చూసి ఆశ్చర్యపోలేదు. మళ్లీ వచ్చావేం నాయనా అని అడిగి, నీళ్లు పోస్తూనే ఉంది. మకరందుడికి ఆ మాట అప్పుడు తలకెక్కలేదు. లోపలికి వెళ్లి చందనపు పెట్టె మూత తీశాడు. పైన అతడి నల్ల శాలువ మడత చెదరకుండా ఉంది. దాని కింద ఉండవలసిన రెండో శాలువ లేదు.

ఆ రెండోది అతడి భార్య మందారికది.

మందారిక కూడా ధర్మవక్తే. అతడికంటే గొప్ప వక్త. ఒకసారి దీపం వత్తి పడి ఆమె శాలువ భుజం దగ్గర కాలింది. మర్నాడే పెద్ద విచారణ. నల్లదారం అయిపోతే మకరందుడు పచ్చదారంతో కుట్టాడు. వంకరగా కుట్టాడు. ఆమె దాన్ని విప్పనివ్వలేదు. నాలుగేళ్లు అదే శాలువతో ధర్మాసనం ముందు నిలబడింది. ఎవరైనా అడిగితే మా ఆయన వాదనకంటే కుట్టే గట్టిదని నవ్వేది.

ఆమె పోయి మూడేళ్లయింది. వక్త చనిపోతే ఏడాదిలోగా శాలువను మండలికి ఒప్పగించాలి. అప్పుడే పట్టికలోంచి పేరు తుడుస్తారు. శాలువ ఉన్నంతకాలం పేరు ఉంటుంది. పేరు ఉంటే సమ్మతి వేసే హక్కు ఉంటుంది. ఏడాది నిండిన రోజున మకరందుడు శాలువ పట్టుకుని వాక్సభ దాకా వెళ్లాడు. పట్టిక రాసే లేఖకుడు పుండరీకుడు అతడి ముఖం చూసి, చేతులు చాపి మళ్లీ వెనక్కు తీసుకున్నాడు. ఇంకొన్నాళ్లు ఉంచుకో నాయనా, ఎవరు అడుగుతారులే అన్నాడు. ఆ రోజున అంతకంటే దయగల మాట ఎవరూ అనలేదు. ఆ కొన్నాళ్లు కాస్తా రెండేళ్లయ్యాయి.

మకరందుడు పెరట్లోకి వచ్చి, ఇంట్లోకి ఎవరైనా వచ్చారా అని నాంచారమ్మను అడిగాడు.

ఆమె చెంబు దించి అతణ్ణి ఎగాదిగా చూసింది. "ఎవరొస్తారు నాయనా, నువ్వే కదా నిన్న పొద్దున వచ్చి అమ్మాయి శాలువ తీసుకెళ్లావు. ఇన్నాళ్లకు ఒప్పగిస్తున్నావు కాబోలు, మనసు కుదుటపడిందనుకున్నాను. మజ్జిగ తాగమన్నా తాగలేదు. ఎప్పుడూ కాదనవు కదా, అదొక్కటే వింతగా అనిపించింది."

మకరందుడు తన శాలువ చంకన పెట్టుకుని పరుగెత్తాడు.

నది దగ్గర మరో అడ్డంకి ఎదురైంది. వాక్సభ దీవికి ఒకటే వంతెన. దాని మొదట్లో దుర్జయుడి మనుషులు ఈటెలతో నిలబడి ఉన్నారు. నల్ల శాలువ కప్పుకుని వచ్చేవారిలో తమవారిని పోనిచ్చి, మిగతావారికి వంతెన పలకలు వదులయ్యాయని చెప్పి తిప్పి పంపుతున్నారు. పడవలన్నీ అవతలి ఒడ్డున కట్టేసి ఉన్నాయి. సూర్యుడు పడమటి బురుజుకు రెండు బారల దూరంలోకి వచ్చాడు. బురుజు నీడ సభామండపం మెట్టును తాకితే ఎన్నిక ముగుస్తుంది.

కుమ్మరివాడ వంతెనకు పక్కనే ఉంది. మకరందుడు పుట్టింది అక్కడే. అతడి బాబాయి ముత్యాలు అప్పుడే సమ్మతి పిడతలను కావడిలో సర్దుతున్నాడు. ఎన్నికకు ఈ పిడతలే ఆధారం. శంఖినీ నది ఒండ్రుతో చేసిన చిన్న పిడతలో ఒక పేరు గుసగుసగా చెప్పి, తడిమన్నుతో మూతివేసి బొటనవేలితో అదిమితే ఆ మాట లోపలే ఉండిపోతుంది. పిడత పగిలినప్పుడు పైకి వస్తుంది. అయితే ఆడవారిదైనా మగవారిదైనా ఒకే మందమైన గొంతుగా వస్తుంది కనుక ఎవరు ఎవరికి వేశారో తెలియదు.

విషయం విని ముత్యాలు ఎక్కువ ప్రశ్నలు వేయలేదు. శాలువను మడిచి అడుగున ఉన్న పెద్ద పిడతలో కూరాడు. అన్న కొడుకు నడుముకు కొల్లాయిగుడ్డ చుట్టబెట్టి, ముఖాన బూడిద పులిమాడు.

"కావడి ఎత్తరా అబ్బాయీ. శాలువలు కప్పుకుని భుజం మెత్తబడిందేమో చూద్దాం," అన్నాడు. తడిమన్ను ముద్ద ఒకటి ఆకులో చుట్టి అతడి నడుములో దోపాడు. "సభలో మన్ను పొద్దుటిది. ఈపాటికి పెచ్చులు కట్టి ఉంటుంది. ఇది ఉంచుకో."

మన్నుతట్ట పట్టుకుని ముత్యాలు, కావడితో మకరందుడు వంతెన చేరేసరికి ఈటెవాడు అడ్డం వచ్చి పిడతల్లో ఏముందని గద్దించాడు.

"గాలి ఉంది బాబూ," అన్నాడు ముత్యాలు. "నమ్మకం లేకపోతే పగలగొట్టి చూసుకోండి. సాయంత్రం పిడత చాలక ఎవరో వక్త నిలబడిపోతే, ఎవరు పగలగొట్టారని నన్నే అడుగుతారు. తమ పేరు ఒక్కటి చెప్పి పగలగొట్టండి, మర్చిపోకుండా చెబుతాను."

ఈటెవాడు పేరు చెప్పలేదు. ఈటె పక్కకు తీశాడు.

వంతెన నడుమ రెండు స్తంభాల మీద రాతిమకరాలు ఉన్నాయి. వందేళ్లుగా నోళ్లు తెరుచుకుని కూర్చున్న బొమ్మలు అవి. కావడి వాటి నడుమకు రాగానే కుడివైపు మకరం ముక్కుపుటాలు కదిలాయి. మాంత్రికుడు దానికి మకరందుడి శాలువ వాసన నేర్పి ఉంచాడు. రాతిపొలుసులు గలగలమన్నాయి. ఏనుగు తొండంలాంటి ముట్టె కిందికి వంగి పిడతలను వాసన చూసింది. మరుక్షణంలో తోక కొరడాలా లేచి కావడిబద్దను రెండుగా విరగ్గొట్టింది. పది పన్నెండు పిడతలు నదిలో పడ్డాయి. శాలువ ఉన్న పిడత పలకల మీద దొర్లిపోతుంటే మకరందుడు దాని మీద పడి గుండెకు అదుముకున్నాడు. మకరం నోరు అతడి మీదికి దిగింది. పళ్ల మధ్య నుంచి నది అడుగు చల్లదనం కొట్టింది.

అది చూడదు, వాసన పట్టి వస్తోందని మకరందుడికి అర్థమైంది. అతడు బాబాయి చేతిలోని మన్నుతట్ట లాక్కుని, గుప్పెళ్లతో తడిమన్ను తీసి ఒక ముక్కుపుటంలో, తరువాత రెండోదానిలో కూరాడు. మకరం తల విదిల్చింది. దిక్కుతోచక ఇటూ అటూ తిరిగి, వాసన అందక, నెమ్మదిగా స్తంభమెక్కి కూర్చుని మళ్లీ రాయి అయిపోయింది. దాని ముక్కులో కుమ్మరిమన్ను మాత్రం అలాగే ఉండిపోయింది.

ముత్యాలు మోచేయి గీరుకుపోయి రక్తం కారుతోంది. మకరందుడు ఆగబోతే ముసలాయన కసిరి పంపేశాడు. మకరందుడు శాలువ తీసి కప్పుకుని దీవి మెట్లెక్కాడు.

వాక్సభ ముంగిలిలో అలజడి లేదు. నూరు తెల్లస్తంభాలు, ప్రతి స్తంభం మీద చెక్కిన మల్లెతీగ, నేలమీద అద్దంలా మెరిసే నల్లరాయి. స్తంభాల మధ్య వరుసగా శాలువలు ముసుగు వేసుకున్న వక్తలు మౌనంగా కదులుతున్నారు. సమ్మతి వేసేటప్పుడు ముఖం కనబడకూడదు. రాజుకు గాని మంత్రికి గాని జంకకుండా వేయాలని పూర్వులు పెట్టిన నియమం అది. గుమ్మం దగ్గర లేఖకుడు పుండరీకుడు శాలువ అంచున నేసిన గుర్తును మాత్రమే పట్టికతో పోల్చి పిడత ఇస్తాడు. ముఖం చూడడు.

మకరందుడికి ముందు ఆరుగురు ఉన్నారు. అందరికంటే ముందున్న వక్త భుజం మీద పచ్చదారం కుట్టు కనబడింది.

అతడు కేక వేసి ఉండవచ్చు. గుమ్మం దాటకముందే ఎవరైనా అభ్యంతరం చెబితే ముసుగు తీయించాలని నియమం ఉంది. అయితే అభ్యంతరం చెప్పాలంటే ఆ శాలువ తన ఇంట ఎందుకు ఉందో కూడా చెప్పాలి. చనిపోయినవారి శాలువ ఏడాది దాటి ఉంచుకున్నవాడు తన శాలువ కూడా ఒప్పగించాలి. అప్పుడు రేపు యువరాణి కోసం ఎవరు మాట్లాడతారు? ఇదంతా మకరందుడు ఆలోచించాడు. కాని అతడి గొంతు ఆగింది అందుకు కాదు.

పిడత అందుకుని ఆ వక్త మండపంవైపు నడిచింది. ఎడమ అడుగు కొంచెం తేలిగ్గా వేస్తూ, మలుపు దగ్గర కొంగు సర్దుకుంటున్నట్టు చెయ్యి పైకి తీసి, మళ్లీ దించి. మూడేళ్ల తరువాత మకరందుడు ఆ నడక చూశాడు. అది దొంగనడక అని తెలిసి కూడా పది అడుగులు చూశాడు. పదకొండో అడుగుకు ఆమె మండపం తెర వెనక్కు వెళ్లిపోయింది.

తరువాత అతడి వంతు వచ్చింది. అతడు తెర వెనక్కు వెళ్లి ఆర్యాంబ పేరు గుసగుసగా చెప్పి, పిడతకు మూతివేసి అదిమాడు. దక్షిణద్వారం గుండా ముంగిలిలోకి వెళ్లి, ముసుగుల మధ్య ఒక ముసుగై నిలబడ్డాడు. చుట్టూ అన్నీ నల్లశాలువలే. పచ్చకుట్టు ఎక్కడా కనబడలేదు.

బురుజు నీడ మెట్టును తాకింది. నూట ఇరవై రెండు పిడతలను తెచ్చి మెట్ల మీద పేర్చారు. లెక్కించేవాడు చిన్న సుత్తి ఎత్తాడు.

మకరందుడు ముసుగు తీసి మెట్ల దగ్గరికి వెళ్లి, చేతులు జోడించి నిలబడ్డాడు. మందారిక శాలువ మూడేళ్లుగా తన ఇంట్లో ఉందని, దాన్ని కృష్ణజిహ్వుడు దొంగిలించి ఈ రోజు చనిపోయిన మనిషి పేరుతో సమ్మతి వేశాడని, చూసి కూడా తాను సకాలంలో నోరు విప్పలేదని చెప్పాడు. పుండరీకుడి మాట ఎత్తలేదు.

దుర్జయుడు నవ్వాడు. తోడేలు తోలు దండెం మీద ఆరేసినట్టు ఉంటుంది ఆ నవ్వు. అన్నీ ఒకేలా ఉన్న పిడతల్లో ఆ పిడత ఏదో చూపించమన్నాడు.

మకరందుడు కుమ్మరికొడుకు. మెట్టుమెట్టుకూ కూర్చుని ఒక్కొక్క మూతి మీద బొటనవేలి అచ్చు చూస్తూ పోయాడు. ప్రతి మన్నులోనూ గీతలు సుడులు తిరిగి ఉన్నాయి. ఆరో మెట్టు మీద ఒక పిడత మూతి నున్నగా, గుడ్డు పెంకులా ఉంది. ఒక్క గీత లేదు. అతడు దాన్ని పక్కన పెట్టాడు. దాని పక్కన తన వేలి గుర్తున్న పిడతను కూడా, ఎవరూ అడగకముందే, తీసి పెట్టాడు. ఆ రెండింటినీ పగలగొట్టకుండా నదిలో వదిలారు. ఆర్యాంబ ఆజ్ఞ మీద అందరూ ముసుగులు తీశారు. ఒక మనిషి తక్కువ. కాపలావాళ్లు నది మెట్లవైపు పరుగెత్తారు.

అప్పుడు లేఖకుడు పుండరీకుడు తన గంటం తీసుకుని వచ్చి మకరందుడి పక్కన నిలబడ్డాడు.

"ఆయన నా పేరు చెప్పలేదు. ఒప్పగించడానికి వస్తే ఉంచుకోమన్నది నేను," అన్నాడు. "ఆ రోజు తీసుకుని ఉండవలసింది. తీసుకోలేకపోయాను."

అతడు గంటం కింద పెట్టాడు. ఆర్యాంబ, లెక్కింపు అయ్యేదాకా గంటం పట్టుకోమని, తరువాతి సంగతి తరువాత చూద్దామని చెప్పింది.

సుత్తి దెబ్బలు మొదలయ్యాయి. పిడత పగిలినప్పుడల్లా సభలోకి ఒక పేరు మందంగా, నిద్రలోంచి పలికినట్టు వచ్చింది. ఆర్యాంబ. దుర్జయుడు. దుర్జయుడు. ఆర్యాంబ. ఆఖరి పిడత పగిలేసరికి పెంకుల గుట్ట మోకాలి ఎత్తుకు లేచింది. పుండరీకుడు పట్టిక పైకెత్తి చదివాడు. ఆర్యాంబకు అరవై. దుర్జయుడికి అరవై.

మకరందుడు మనసులో లెక్క వేసుకున్నాడు. నోరు మూసుకుని ఉంటే అరవై ఒకటి, అరవై ఒకటి. నిజం చెప్పాడు కనుక అరవై, అరవై. ఎటు చూసినా సరిసమానమే. రెండేళ్ల కిందట ఆ శాలువ పుండరీకుడి చేతుల్లో పెట్టి ఉంటే మాత్రం ఆర్యాంబకు అరవై ఒకటి, దుర్జయుడికి అరవై. ఆ ఒక్క దారిన మాత్రమే ఆమె గెలిచేది. వంతెన దగ్గర తిరిగిపోయినవారి సంగతి వేరు. తన చేతిలో ఉన్న ఒక్క మాటను తానే పెట్టెలో దాచుకున్నాడు.

పెద్ద లేడు కనుక యువరాణి తరఫున వక్త లేడని దుర్జయుడు ప్రకటించాడు. ఆర్యాంబ పుండరీకుణ్ణి పిలిచి, మండలి తాళపత్రాల్లో నలభయ్యో ఆకు తీసి చదవమంది. అతడు ఆ ఆకు తీసి చదివాడు. పెద్దపీఠం ఖాళీగా ఉన్నప్పుడు మండలిలో ఉన్న ఏ వక్తా నిందితుల తరఫున నిలబడకూడదు. అప్పుడు శాలువ లేని సామాన్యుడెవరైనా మాట్లాడవచ్చు. నిందితులు తమ చేతికంకణం ఎవరి చేతికి ఇస్తే వారే వారి గొంతు.

దుర్జయుడి నవ్వు దండెం మీదనుంచి జారిపోయింది.

సభలో శాలువ పోగొట్టుకోబోతున్నవాడు ఒక్కడే ఉన్నాడు. మకరందుడు తన శాలువ విప్పి, మడిచి ఆర్యాంబ ముందు పెట్టాడు. పన్నెండేళ్లు భుజం మీద ఉన్న బరువు దిగితే తేలిక అనిపిస్తుందనుకున్నాడు. చలి అనిపించింది.

అదే క్షణాన దక్షిణద్వారం దగ్గర కలకలం రేగింది. ద్వారస్తంభం వెనక, మల్లెతీగ చెక్కడాల మూలలో, మందారిక శాలువ కుప్పగా పడి ఉంది. మకరందుడు వెళ్లి దాన్ని ఎత్తాడు. ఇంకా వెచ్చగా ఉంది. దొంగ నది వైపు పోలేదు. నలభయ్యో ఆకు చదివేదాకా ఇక్కడే నిలబడి అంతా విన్నాడు.

మకరందుడు ఆ శాలువను కూడా తెచ్చి ఒప్పగించాడు. రెండేళ్లు ఆలస్యంగా. పుండరీకుడు గంటం అందుకుని పట్టికలో మందారిక పేరు మీద గీత గీశాడు. మకరందుడు అటు చూడలేదు.

ఆర్యాంబ శాలువను ఒడిలో పరచుకుని భుజం దగ్గరి కుట్టును వేలితో తడిమింది. మందారికకు వాదన నేర్పింది ఆవిడే. పుండరీకుడి గంటం అందుకుని దాని మొనతో ఆ కుట్టు విప్పడం మొదలుపెట్టింది.

"శాలువ మండలిది. మండలి తీసుకుంటుంది," అంది. "ఈ పచ్చదారం మండలి ఇచ్చింది కాదు. దీని మీద మాకు హక్కు లేదు నాయనా."

జానెడు దారం వచ్చింది. మకరందుడు దాన్ని మణికట్టుకు చుట్టుకున్నాడు. ముడి వేస్తూ ఉండగా ఒక ఆలోచన తగిలి అతడి వేళ్లు ఆగిపోయాయి. శాలువ వదిలేసిన మాంత్రికుడు ఇప్పుడు ఎవరి బట్ట కప్పుకుని ఉన్నాడు?

సత్రంలో పోయిన ఉత్తరీయం అతడి కళ్ల ముందు కదిలింది.

దీవి నుంచి యువరాణి ఉన్న రాజకారాగారానికి ఒక ఆమడలో సగం. మకరందుడు పరుగెత్తాడు. వంతెన మీద మకరం ముక్కులో మన్ను ఇంకా ఆరలేదు. ఈటెవాళ్లు శాలువ లేని మనిషిని ఆపలేదు. వీధుల్లో దీపాలు పెట్టే వేళ. ఎవరో గుమ్మంలో కూర్చుని మల్లెలు కడుతున్నారు. బండి ఒకటి అడ్డం వస్తే దాని కిందనుంచి దూరాడు. మూసిన అంగడి కప్పు మీదుగా దూకాడు. కారాగారం ఇనుపద్వారం ముందు నిలబడేసరికి ఊపిరి కత్తిలా కోస్తోంది.

ద్వారపాలకుడు నడివయసు మనిషి. కందిలి ఎత్తి అతడి ముఖం చూసి నొసలు ముడిచాడు.

"అదేమిటయ్యా, ఇందాకే లోపలికి వెళ్లారు కదా. కంకణం పుచ్చుకోవడానికి వచ్చానని మీరే చెప్పారు. యువరాణిగారు పొద్దుటినుంచి మీ కోసమే ఎదురు చూస్తున్నారు, పాపం. మిమ్మల్ని చూడగానే మొదటిసారి నవ్వారు."

కంకణం ఆ చేతికి వెళితే రేపు ధర్మాసనం ముందు మకరందుడి రూపమే యువరాణి పక్కన నిలబడుతుంది. నిలబడి, ఒక్క మాట కూడా మాట్లాడదు.

తాను తానేనని చూపించడానికి మకరందుడి ఒంటి మీద శాలువ లేదు. అతడు నడుము తడుముకున్నాడు. ఆకులో చుట్టిన మన్నుముద్ద ఇంకా తడిగానే ఉంది. దాన్ని అరచేతిలో పెట్టి బొటనవేలితో అదిమి కందిలి వెలుగులో చూపించాడు. లోపల ఉన్న మనిషిని కూడా ఇలాగే ఒకసారి అదమమని అడగండి, అంతకు మించి నన్ను నమ్మవద్దు అన్నాడు.

ద్వారపాలకుడు మన్నులో గీతల సుడి చూశాడు. మకరందుడి ముఖం చూశాడు. తాళాల గుత్తి మీద అతడి చెయ్యి కదల్లేదు, వెనక్కూ పోలేదు.

లోపల ఎక్కడో తలుపు కిర్రుమంది. రాతినేల మీద అడుగుల చప్పుడు బయటివైపు వస్తోంది. దానితోపాటు చిన్నగా కంకణం గలగల. ఆ నడక మకరందుడికి బాగా తెలుసు. అది తన నడక.

ఈసారి అతడు పది అడుగులు చూడలేదు. మొదటి అడుగుకే ద్వారపాలకుడి చేతిలోని తాళాల గుత్తి లాక్కుని, తాళం తీసి ఇనుపద్వారాన్ని లోపలికి తోశాడు.